1040-ఎన్ఆర్ బదులు 1040 వేసేశారా? సరిదిద్దే ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువుకుంటూనో, చదువయ్యాక అదే వీసా మీద ఓపీటీలో పనిచేస్తూనో ఉన్న మన పిల్లలు చాలామంది సీనియర్ చెప్పాడని, సాఫ్ట్‌వేర్ అదే చూపించిందని ఆదాయపు పన్ను రిటర్న్‌గా 1040 ఫైల్ చేసేస్తుంటారు. అది పన్ను లెక్కల్లో రెసిడెంట్లయిన వాళ్ల ఫారం. విద్యార్థులకు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో అక్కడున్న రోజులు, రెసిడెంటా కాదా అని తేల్చే 183 రోజుల లెక్కలోకి రావు. కాబట్టి వాళ్లు వేయాల్సింది నాన్ రెసిడెంట్ల ఫారం 1040-ఎన్ఆర్, దాంతోపాటు ఆ రోజులు లెక్కలోకి రావని చెప్పే 8843 ఫారం. తప్పు తెలియగానే టెన్షన్ పడి రాత్రికి రాత్రి ఏదో ఒకటి పంపేయకండి. సరిదిద్దుకునే దారి ఉంది.

ముందు అసలు తప్పు జరిగిందో లేదో తేల్చుకోండి. 2021 డిసెంబరు ఆఖర్లో దిగినా 2021 పూర్తి సంవత్సరం కిందే లెక్క. అంటే 2025తో ఐదూ అయిపోతాయి. అంతకుముందు ఎఫ్, జె వీసాల మీద ఉండి వెళ్లిన ఏళ్లుంటే అవీ కలపాలి. ఎక్కువమంది పొరబడేది అక్టోబరు 1న ఉద్యోగ వీసా హెచ్-1బికి మారిన ఏడాదే. ఐదేళ్లలోపు వాళ్లయితే ఆ ఏడాది లెక్కకొచ్చేవి 92 రోజులే. 183 నిండవు కాబట్టి మామూలుగా ఆ ఏడాదికీ నాన్ రెసిడెంటే.

1040లో చదువు ఖర్చుల క్రెడిట్ (పన్నులో తగ్గింపు) తీసుకున్నారా? నాన్ రెసిడెంట్‌కి అది లేదు, వెనక్కి కట్టాల్సిందే. ఆ డబ్బు ఖర్చుపెట్టకుండా పక్కన ఉంచండి. స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసే ముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం) మాత్రం వదులుకోవద్దు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ ప్రకారం మన విద్యార్థులకు అది వర్తిస్తుంది. 2024కి ఒంటరివాళ్లకు 14,600 డాలర్లు. ఈ సంగతి తెలియక అనవసరంగా పన్ను కట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇక వేసిన రిటర్న్‌ను సరిదిద్దే ఫారం, 1040-ఎక్స్. మొదటి పేజీలో ఏ సంవత్సరానిదో, మీ పేరు, అడ్రస్, సోషల్ సెక్యూరిటీ నంబరు రాస్తే చాలు. అంకెల గళ్లు ఖాళీగా వదిలేయాలి. పొరపాటున రెసిడెంట్‌గా ఫైల్ చేశానని కారణం రాసే చోట రెండు ముక్కల్లో చెప్పండి. కొత్తగా నింపిన 1040-ఎన్ఆర్ నెత్తిన ఇంగ్లీషులో ‘అమెండెడ్’ అని రాసి వెనక జతచేయండి. 8843 మర్చిపోవద్దు.

మీకే ఇంకా డబ్బు రావాల్సి ఉంటే, మొదటి రీఫండ్ చేతికొచ్చాకే పంపండి. ఇలా అడగడానికి సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది. మీరే బాకీ పడితే మాత్రం ఆలస్యం చేయొద్దు, ఏప్రిల్ గడువు దాటిన దగ్గర్నుంచి వడ్డీ పడుతుంది. పోస్టులో పంపితే రసీదు, అన్నిటి కాపీలు దాచుకోండి. పంపిన మూడు వారాలకు అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ సైట్‌లో స్టేటస్ కనిపిస్తుంది. పని పూర్తవడానికి 8 నుంచి 12 వారాలు, ఒక్కోసారి 16 పడుతుంది.

స్టేట్ రిటర్న్ వేసి ఉంటే దాన్నీ విడిగా మార్చాలి. జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు పొరపాటున కోసి ఉంటే అది 1040-ఎక్స్‌తో తిరిగి రాదు. ముందు కంపెనీనే అడగండి. వాళ్లు ఇవ్వకపోతే 843, 8316 ఫారాలు వేయండి.