ఖోఖో ఆడే చిన్నపిల్లను గ్రౌండు పక్కన కూర్చుని ఎలా చూడాలి?

మా అమ్మాయి మూడో తరగతి. ఒంగోలులో వాళ్ల స్కూలు చిన్నపిల్లల ఖోఖో జట్టులో ఆడుతుంది. సాయంత్రం ప్రాక్టీసు మొదలయ్యేసరికి నేను గ్రౌండు దగ్గరే ఉంటాను. కొత్తగా పిల్లల్ని చేర్చిన అమ్మలు వచ్చి, "అక్కా, మనం పక్కనుంచి ఏం చెప్పాలి?" అని అడుగుతుంటారు. ఏమీ చెప్పక్కర్లేదు. చూడాల్సింది మాత్రం చాలా ఉంది.

ముందు ఆట తెలుసుకోండి. తరిమే జట్టులో ఎనిమిది మంది మధ్య గీత పొడవునా గడుల్లో కూర్చుంటారు. ఒకరు ఇటు చూస్తే పక్కవారు అటు చూస్తారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. అవతలి జట్టువాళ్లు ముగ్గురేసి బ్యాచ్‌లుగా లోపలికి దిగుతారు. వాళ్లు కూర్చున్నవాళ్ల మధ్య నుంచి ఎటైనా దూరి పోవచ్చు. తరిమే మనిషి మాత్రం మధ్య గీత దాటకూడదు. ఒక వైపు కదిలాక ఆ చివరన పాతిన స్తంభం (పోల్) దాకా వెళ్లనిదే వెనక్కి తిరగకూడదు. అందుకే గీత అవతలికి దూరినవాళ్లను పట్టడానికి, కూర్చున్న పిల్లను వెనక నుంచి తట్టి "ఖో" అని, ఆ గడిలో తను కూర్చుంటుంది; తట్టించుకున్న పిల్ల లేచి తరుముతుంది. ఒక జట్టు తరిమే వంతును టర్న్ అంటారు, పెద్దల ఆటలో ఒక్కో టర్న్ 9 నిమిషాలు. చిన్నపిల్లలకు తగ్గిస్తారు.

ఇది అర్థమైతే మనం ఎందుకు అరవకూడదో కూడా అర్థమవుతుంది. ఖో వచ్చేది వెనక నుంచి. పిల్ల దాన్ని చెవితో వినాలి, వీపు మీద చెయ్యి పడటం తెలియాలి. అదే సమయంలో గ్రౌండు పక్క నుంచి మనం "లే, పరిగెత్తు!" అని కేకేస్తే, ఎనిమిదేళ్ల పిల్ల అమ్మ మాటే వింటుంది. ఖో పడకముందే లేస్తుంది, ఫౌల్ అవుతుంది. చప్పట్లు టర్న్ అయ్యాక కొట్టండి. అవతలి పిల్ల బాగా తప్పించుకున్నా కొట్టండి.

చాలామంది కళ్లు పరిగెత్తే పిల్ల వెంటే వెళ్తాయి. నాకు అసలు సంతోషం కూర్చున్న పిల్లను చూడటంలో ఉంది. చేతులు నేలకు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమలు లేపి ఉంటుంది. మెడ మాత్రం ఆగదు. ఖో పడగానే ఆ ముఖం చూడాలి! దీని కోసమే మా అమ్మాయి మధ్యాహ్నం నుంచి గడియారం చూస్తుంది. కాబట్టి పిల్ల ఎటు తిరిగి కూర్చుందో చూసుకుని ఆ వైపు, గ్రౌండు అంచు గీతకు బాగా దూరంగా, నీడలో కూర్చోండి. దగ్గరగా ఉంటే ఆట వదిలేసి మన వంక చూస్తుంది. పోల్ వెనక మాత్రం వద్దు, పిల్లలు అక్కడ వేగం ఆపుకోలేక బయటికి దూసుకొస్తారు.

మన పిల్లకు రన్నింగ్, అంటే తప్పించుకునే వంతు, వచ్చినప్పుడు ఎంతసేపు నిలిచిందని లెక్కపెట్టడం కంటే పాదాలు చూడండి. కూర్చున్న ఒక్కొక్కరినీ చుడుతూ ఇటూ అటూ దూరే పరుగును సింగిల్ చైన్ అంటారు. చిన్నపిల్లలు మొదట్లో భయంతో ఒకే వైపు నేరుగా పరిగెడతారు. ఒకరోజు ఉన్నట్టుండి ఆ మలుపు వచ్చేస్తుంది. అది మీ కళ్లబడాలంటే ఫోన్ బ్యాగులో ఉండాలి.

బయల్దేరే ముందు పట్టీలు, గాజులు, వేలాడే కమ్మలు తీసేయండి. గోళ్లు కత్తిరించి, జడలు పైకి కట్టండి. నీళ్లు, కాస్త మజ్జిగ, ఒక అరటిపండు చాలు. మోకాళ్లు దోక్కుపోవడం మామూలే, ఇంటికి రాగానే సబ్బు నీళ్లతో కడగండి. వాపు వచ్చినా, కాలు మోపలేకపోయినా డాక్టర్‌కు చూపించాలి.

దారిలో "గెలిచారా?" అని అడగను. "ఇవాళ నీకు ఖో ఎవరిచ్చారు?" అంటాను. ఇల్లు వచ్చేదాకా చెబుతూనే ఉంటుంది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్‌లో మన మహిళలు, పురుషులు ఇద్దరూ ఫైనల్లో నేపాల్‌పై గెలిచారు. సెలవు రోజున ఆ వీడియోలు పెట్టి, పక్కన కూర్చోండి. ఎవరు ఎందుకు అవుటయ్యారో పిల్లనే చెప్పనివ్వండి.

జట్టులో అందరికీ ప్రతి మ్యాచ్‌లో చోటు దొరకదు. మీ పిల్ల ఎక్స్‌ట్రాగా బయట కూర్చున్న రోజు కూడా వెళ్లండి. ఎందుకు ఆడించలేదని పీఈటీ సార్‌ను పిల్లల ముందు అడగొద్దు. అడగాలనిపిస్తే మర్నాడు, విడిగా అడగండి.