దుబాయ్ ఆఫీసులో కొత్తగా చేరావా? ముందు మీటింగు వేళలు చూసుకో

మొన్నటి రంజాన్‌లో మా టీముకి విజయవాడ నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. పనిలో దిట్ట. చేరిన రెండో వారంలోనే హైదరాబాద్ టీముతో రోజూ ఒక కాల్ పెట్టాడు. అక్కడివాళ్ళు రాత్రి 8 అయితే తీరిగ్గా ఉంటామన్నారట, సరేనని అందరికీ ఇన్వైట్ పంపేశాడు. హైదరాబాద్‌లో 8 అంటే దుబాయ్‌లో 6:30. తెల్లవారుజాము నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని నలుగురు, సరిగ్గా ఉపవాసం విడిచే వేళకి స్క్రీన్ ముందుకొచ్చి కూర్చున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడో రోజు నా కంటబడి, ఆ ఇన్వైట్ తీయించాను. ఆ అబ్బాయి బిక్కమొహం వేసుకుని, "అన్నా, నాకెవరూ చెప్పలేదే" అన్నాడు.

చెప్పరు తమ్ముడూ. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా.

వీసా స్టాంపింగు, ఎమిరేట్స్ ఐడీ, బ్యాంకు ఖాతా, కరామాలోనో బర్ దుబాయ్‌లోనో బెడ్‌స్పేస్, ఇవన్నీ నీ రూమ్మేట్లు నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పేది వేరే సంగతి. నీ టీములో ఒక ఎమిరాతీ మేనేజరు, ఒక ఈజిప్టు ఆయన, ఇద్దరు మలయాళీలు, ఒక పాకిస్తానీ, ఒక ఫిలిప్పీనో అమ్మాయి, లండన్ నుంచి ఫోన్లో కలిసే ఇంకొకాయన ఉంటారు. వీళ్ళందరి మధ్యా నువ్వు పని చేయాలి. అందులో అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలేది మీటింగు వేళల దగ్గరే. తిండి గురించీ బట్టల గురించీ జాగ్రత్తలు చెప్పేవాళ్ళు బోలెడుమంది. వేళల గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

నేను 2017లో వచ్చాను. మాది నెల్లూరు. బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకి చిన్నప్పటి నుంచీ స్వర్ణాల చెరువులో దిగి రొట్టె మార్చుకున్నవాణ్ణి, ముస్లింల ఆచారాలు నాకు కొత్తా అన్న ధీమాతో దిగాను. నన్ను ముంచింది ఆ ధీమానే. ఆ ఏడు రంజాన్ మే నెలాఖరులో మొదలైంది. ఆ ఎండల్లో ఉపవాసం దగ్గర దగ్గర 15 గంటలు. సాయంత్రం 7 ప్రాంతంలో మగ్రిబ్, అంటే పొద్దుగూకే వేళ నమాజు, ఉపవాసం విడిచేదీ అప్పుడే. నేను పెట్టిన కాల్ కూడా సరిగ్గా 7కే, ఎందుకంటే హైదరాబాద్‌లో ఎనిమిదిన్నర వాళ్ళకి వీలు. మా లీడ్ ఈజిప్టు ఆయన. రోజూ కాల్ మొదలవగానే రెండు మూడు నిమిషాలు మ్యూట్‌లో ఉండిపోయేవాడు, వీడియో ఉండేది కాదు. లైను బాగాలేదేమో అనుకున్నాను. ఒకరోజు పదిమందిలో "సార్, లైన్లో ఉన్నారా, వీడియో పెట్టండి" అన్నాను. పెట్టాడు. కారులో, పార్కింగులో కూర్చుని ఉన్నాడు. చేతిలో ఖర్జూరం, ఎదురుగా లబన్ (మజ్జిగ) సీసా. నా కాల్ వల్ల ఇంటికి చేరలేక రెండు వారాలుగా అలాగే ఉపవాసం విడుస్తున్నాడు. ఇంట్లో భార్యాపిల్లలు ఆయన కోసం ఎదురుచూసి, ఆయన లేకుండానే తింటున్నారు. ఇదంతా తర్వాత మలయాళీ సహోద్యోగి పక్కకి పిలిచి చెబితేగానీ నాకు తెలియలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కార్తీక సోమవారం మా అమ్మ పొద్దంతా ఉపవాసముండి, సాయంత్రం దీపం పెట్టి, నక్షత్రం చూశాక భోంచేస్తుంది. సరిగ్గా ఆ వేళకి ఎవరైనా అమ్మ ముందు చిట్టాపద్దులు పెట్టి లెక్క చూడమంటే నేను ఊరుకుంటానా? అదే పని ఇంకొకరి ఇంట్లోవాళ్ళకి నేను చేశాను.

కాబట్టి నువ్వు చేరిన మొదటి రోజే చేయాల్సింది ఇది. ఇన్వైట్ పంపే ముందు ఆ రోజు నమాజు వేళలు చూడు. ఫోన్లో చూస్తే నిమిషంలో తెలుస్తుంది. ఆఫీసు వేళల్లో పడేవి జుహర్ (మధ్యాహ్నం నమాజు), అసర్ (పొద్దువాలే వేళ నమాజు). చలికాలంలో మగ్రిబ్ కూడా ఐదున్నరకే వచ్చేస్తుంది. ఒక్కో నమాజుకి పది పదిహేను నిమిషాలు. లేచి వెళ్ళినవాణ్ణి ఎక్కడికెళ్ళావని అడగొద్దు, వచ్చాక నువ్వు వదిలేసిన చోటు నుంచి చెప్పు. అంతే. శుక్రవారం జుమ్మా నమాజు ఉంటుంది. మధ్యాహ్నం 12 నుంచి రెండున్నర దాకా క్యాలెండర్లో ఏమీ పెట్టొద్దు. "అరగంటే కదా" అనొద్దు. మసీదుకి వెళ్ళాలి, ఖుత్బా (ప్రసంగం) వినాలి, నమాజు చేయాలి, తిరిగి రావాలి, తినాలి. అరగంటలో ఎలా అవుతుంది నాయనా?

వారాంతాలు ఇంకో చిక్కు. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులకి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. చాలా ప్రైవేటు కంపెనీలూ శని, ఆదివారాలకే మారాయి. పక్కనే ఉన్న షార్జాలో ప్రభుత్వ ఆఫీసులకి శుక్ర, శని, ఆది మూడు రోజులూ సెలవే. సౌదీలో 2013 నుంచి శుక్ర, శనివారాలు. అంటే రియాద్‌లో ఉన్న నీ క్లయింటుకి ఆదివారం పని రోజు, శుక్రవారం సెలవు. రెండు చోట్లా కలిసివచ్చే రోజులు సోమవారం నుంచి గురువారం దాకా నాలుగే. శుక్రవారం పొద్దున రియాద్‌కి "అర్జెంట్" అని మెయిల్ పెట్టి సమాధానం రాలేదని పైవాళ్ళకి ఫిర్యాదు చేసినవాళ్ళని చూశాను. ఆదివారం ఆ క్లయింటు ఫోన్ చేస్తే, సెలవు రోజు కూడా వదలడని విసుక్కున్నవాళ్ళు కూడా వీళ్ళే. పైగా మార్చి ఆఖరి ఆదివారం లండన్ గడియారం గంట ముందుకి జరుగుతుంది, అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి వస్తుంది. దుబాయ్‌దీ మనదీ కదలవు. ఎప్పుడో సరిచూసి పెట్టిన మీటింగు తెల్లారేసరికి ఇంకొకరి నమాజు మీదకొచ్చి కూర్చుంటుంది. మళ్ళీ చూసుకోవాలి.

ఇక రంజాన్ నెల. ఎప్పుడొస్తుందని ఏటా కొత్తగా అడిగేవాళ్ళున్నారు. మనం తిథులు చూసుకునే జాతి కదా, ఇది మనకి ఇట్టే అర్థం కావాలి. వాళ్ళదీ చాంద్రమానమే, ఏడాదికి 354 రోజులో ఒకటి ఎక్కువో. మనం మధ్యమధ్య అధికమాసం కలిపి సరిచేసుకుంటాం కాబట్టి ఉగాది మార్చి, ఏప్రిల్ దాటిపోదు. వాళ్ళు అధికమాసం కలపరు. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తూ అన్ని ఋతువుల్నీ చుట్టివస్తుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, రెండు రంజాన్‌లు మొదలవుతాయి. ఆ నెలలో ప్రైవేటు ఉద్యోగులకి పని వేళ రోజుకి రెండు గంటలు తగ్గుతుంది. ఉపవాసం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కూడా. నీకూ తగ్గుతుంది. ఆ రెండు గంటల్ని ప్లానులో ముందే తీసెయ్. బరువైన చర్చలన్నీ పొద్దున పెట్టుకో, మధ్యాహ్నం మూడు దాటాక ఎవరినీ పెద్ద నిర్ణయాలు అడగొద్దు.

పండుగ తేదీ దగ్గర ఇంకో మెలిక ఉంది. రంజాన్ పండుగ ఏ రోజన్నది నెలవంక కనపడితేగానీ ఖాయం కాదు. నెల 29 రోజులు కావచ్చు, 30 కావచ్చు, ముందు రోజు సాయంత్రం దాకా తెలియదు. ఆ రెండు రోజుల్లో రిలీజ్ పెట్టొద్దు. బక్రీద్‌కి ఈ బెడద లేదు. అది పడే నెలలో పదో రోజున వస్తుంది కాబట్టి నెలవంక చూసిన రోజే తేదీ తెలిసిపోతుంది. ఇంకా పది రోజులు చేతిలో ఉంటాయి. ఈ తేడా తెలియక క్లయింటుకి మాటిచ్చి, సెలవుల్లో మనుషుల కోసం ఫోన్లు కొట్టే పరిస్థితి నీకు రాకూడదు.

ఇంతా చదివి, కనపడిన ప్రతి అరబ్బు పేరుకీ "రంజాన్ ముబారక్" పంపేస్తావేమో, ఆగు. నీ టీములోని ఈజిప్టు ఆయన కాప్టిక్ క్రైస్తవుడు (ఈజిప్టులోని ప్రాచీన చర్చికి చెందినవాడు) కావచ్చు. వాళ్ళ క్రిస్మస్ జనవరి 7న. ఈస్టర్ ముందు 55 రోజులు మాంసం, పాలు, గుడ్డు ముట్టని ఉపవాసం ఉంటారు. అలాంటాయన్ని పుట్టినరోజు కేకు తినమని బలవంతపెడితే ఎంత ఇబ్బంది! లెబనాన్ నుంచి వచ్చినాయన ఏ మతంవాడైనా కావచ్చు. ఫిలిప్పీనో అమ్మాయి డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు, చాలా చోట్ల తెల్లవారకముందే, క్రిస్మస్ ముందు చర్చిలో జరిగే సింబాంగ్ గబీ పూజకి వెళ్తుంది. ఆ రోజుల్లో పొద్దున ఏడున్నరకి స్టాండప్ (రోజువారీ చిన్న మీటింగు) పెట్టొద్దు. ముస్లింలలోనూ నేను నెల్లూరులో చూసిన తీరు వేరు, మా మలయాళీ సహోద్యోగి ఇంటి తీరు వేరు, ఎమిరాతీ మేనేజరు తీరు వేరు. మన ఊళ్ళో పీర్ల పండుగ చూసి ఇక్కడ మొహర్రం గురించి మాట్లాడబోయి నేను నాలిక కరుచుకున్నాను. ఎవరి మతమేమిటని అడగొద్దు, ఊహించుకోవద్దు కూడా. "ఈ నెలలో మీకు వీలుకాని వేళలు ఏమైనా ఉన్నాయా?" అని అందర్నీ ఒకేలా అడుగు. ఆ ప్రశ్నకి నొచ్చుకున్నవాళ్ళని ఇన్నేళ్ళలో ఒక్కరిని చూడలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. మగవాడివైతే ఆడవాళ్ళకి నువ్వు ముందు చెయ్యి చాచకు, ఆమె చాస్తే కలుపు, లేకపోతే గుండె మీద చెయ్యి పెట్టి పలకరించు. చెల్లెమ్మా, నీకు షేక్‌హ్యాండ్ ఇవ్వని మగాయన నిన్ను చిన్నచూపు చూసినట్టు కాదు, చాలామందికి అది మర్యాద. "ఇన్షా అల్లా" అంటే పని కాదని మనవాళ్ళు ప్రచారం చేశారు. దేవుడి దయ ఉంటే రేపు బయల్దేరతామని మన ఇంట్లో పెద్దవాళ్ళు అనరా? తేదీ కావాలంటే "ఏ రోజు చూసుకోమంటారు?" అని మళ్ళీ అడుగు. రంజాన్ పగళ్ళలో తినేది, తాగేది లోపల ప్యాంట్రీలో కానివ్వు, నీ డెస్కు దగ్గర వద్దు.

వాట్సాప్ విషయంలో మాత్రం నాకు ఓపిక లేదు. మతం మీద, మన ఎన్నికల మీద వచ్చిన ఫార్వర్డులు ఆఫీసు గ్రూపులో పెట్టొద్దు, నీ స్టేటస్‌లోనూ పెట్టొద్దు. విద్వేషం, వివక్ష మీద ఇక్కడ 2015లోనే చట్టం వచ్చింది, 2023లో దాని చోట ఇంకో కొత్త చట్టం తెచ్చారు. 2020 ఏప్రిల్‌లో ఇలాంటి పోస్టుల వల్ల మనవాళ్ళ ఉద్యోగాలు పోయాయి. వివక్ష మన విలువలకే విరుద్ధమని, ఈ సంగతి ఇక్కడి భారతీయులు గుర్తుంచుకోవాలని అప్పటి మన రాయబారి పవన్ కపూర్ బాహాటంగా చెప్పాల్సి వచ్చింది. అప్పు చేసి నిన్ను పంపిన నాన్నని ఒక్కసారి తలుచుకుని ఫోను పక్కన పెట్టు.

నీ పండుగల్నీ దాచుకోకు. సంక్రాంతికీ ఉగాదికీ ఇక్కడ సెలవు ఉండదు, ముందే లీవు పెట్టి టీము క్యాలెండర్లో రాసుకో. మాల వేసుకుంటే వేసుకున్నానని చెప్పు. ఆ నలభై ఒక్క రోజులూ టీము భోజనాలకి రానంటే ఎవరూ ఏమీ అనుకోరు, చెప్పకుండా మానేస్తేనే అనుకుంటారు. గుడి ఎక్కడని దిగులుపడకు. జెబెల్ అలీలో 2022 అక్టోబరులో పెద్ద గుడి తెరిచారు, ఆ ఆవరణలోనే గురుద్వారా, చర్చిలు ఉన్నాయి. అబూధాబీలో 2024 ఫిబ్రవరిలో ఇంకో మందిరం వచ్చింది.

సరే, ఇంత భయపెట్టాక ఒక మాట చెప్పకపోతే బాగుండదు. ఇక్కడి వాళ్ళు తెలియక చేసిన తప్పుని మనసులో పెట్టుకోరు. పదిహేను రోజులు నా వల్ల పార్కింగులో ఉపవాసం విడిచిన ఆ ఈజిప్టు ఆయన, నేను వెళ్ళి క్షమాపణ చెబితే, కాల్ ఆరింటికి మారుస్తావా, ఇంటికి చేరుకుంటాను అన్నాడు, అంతే. వారం తిరక్కుండా నన్ను ఇఫ్తారుకి వాళ్ళింటికి పిలిచాడు. నేను మాంసం తిననని ఎవరో చెప్పారట, వాళ్ళావిడ నా కోసం విడిగా కుషారీ (అన్నం, పప్పు, పాస్తా కలిపిన ఈజిప్టు వంటకం) వండింది.

2025లో ఉగాది, ఇక్కడి రంజాన్ పండుగ ఒకే రోజున వచ్చాయి, మార్చి 30, ఆదివారం. పొద్దున్నే ఆయన దగ్గర నుంచి ఒక డబ్బా నిండా, వాళ్ళు పండుగకి చేసుకునే కహ్క్ బిస్కెట్లు వచ్చాయి. అదే డబ్బాలో నేను ఉగాది పచ్చడి పోసి పంపాను. సాయంత్రం ఫోన్ చేసి ఇందులో చేదు ఏమిటని అడిగాడు. వేపపువ్వు అని చెప్పాను. మళ్ళీ ఏడు కూడా పంపమన్నాడు. ఆ తేదీ ఇప్పుడు మా టీము క్యాలెండర్లో ఉంది, ఆయనే పెట్టాడు.