ముందు డబ్బాలు లెక్కపెట్టండి

నా కుడిచెయ్యి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చలికాలం వస్తే ఇప్పటికీ పగులుతుంది. తెనాలిలో ఇరవై రెండేళ్లు పార్లర్ నడిపినందుకు మిగిలిన గుర్తు అది. మొదటి పదేళ్లు గ్లవుజులు లేకుండానే తలరంగు కలిపేదాన్ని. "గ్లవుజులేసుకుంటే జుట్టు పాయలు చేతికి తెలియవమ్మాయ్" అని నాకు పని నేర్పినావిడ అనేది, నేనూ నమ్మాను. ఒక ఎండాకాలం చేతులు రెండూ బొబ్బలెక్కి, అన్నం కలుపుకోలేక వారం రోజులు చెంచాతో తిన్నాను. చర్మం డాక్టరు వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులాగి విప్పి చూస్తే తేలింది: పారాఫినైలిన్‌డయమిన్. రంగు డబ్బాల మీద పీపీడీ అని రాసేది దాన్నే. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇక జన్మలో పడదు.

అప్పట్నుంచీ నా దగ్గరకొచ్చేవాళ్లు అడిగేది ఒకటే. "అక్కా, కెమికల్స్ లేనివేమన్నా ఉంటే చెప్పు." పసుపులోనూ కెమికల్సే ఉంటాయే అంటే నవ్వుతారు. నేను చూసినంతలో మనవాళ్ల భయాల వరుస తలకిందులుగా ఉంది. షాంపూలో పాడవకుండా కలిపే పారాబెన్ ఉందేమోనని సీసా తిప్పి తిప్పి చూసే పిల్లే, పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీము ఎవరో తెచ్చిచ్చారని రోజూ రాత్రి రాసుకుంటుంది. కాబట్టి నేను చెప్పే వరుస వేరు.

ఒక ఆదివారం బాత్రూం అరలోవి, అద్దం ముందువి, హ్యాండుబ్యాగులోవి, పిల్లలవి, ఇంటాయన షేవింగ్ సామాన్లతో సహా అన్నీ తెచ్చి న్యూస్‌పేపరు మీద పేర్చండి. నావి పదిహేడు తేలాయి. వాటిని మూడు కుప్పలు చెయ్యండి. నీళ్లతో కడిగేసేవి ఒకటి, ఒంటిమీదే ఉండిపోయేవి ఒకటి, గాల్లోకి లేచి ముక్కులోకి పోయేవి ఒకటి. సబ్బు, షాంపూ ఒంటిమీద ఉండేది రెండు నిమిషాలు. వాటిగురించి తర్వాత తీరిగ్గా ఆలోచించవచ్చు. క్రీము, లిప్‌స్టిక్, కాటుక, డియోడరెంటు, పౌడరు, స్ప్రేలు ఉన్నాయే, ముందు వాటి సంగతి చూడాలి. ఒకే పని చేసేవి రెండుంటే ఒకటి తీసెయ్యండి. తీసేసినదానికి బదులు "హెర్బల్" అని రాసినది కొని ఆ ఖాళీ నింపకండి, అంతే.

ఇలా తగ్గిస్తే నిజంగా తేడా వస్తుందా అంటే, వస్తుంది. 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ వాళ్లు సాలినాస్ ప్రాంతంలో వందమంది టీనేజీ ఆడపిల్లలతో ఇలాంటిదే చేసి చూశారు. వాళ్లు వాడే సామాన్ల బదులు పారాబెన్లలాంటివి లేనివి ఇచ్చి, మూడే మూడు రోజులు ఆగి మూత్రపరీక్ష చేస్తే మిథైల్ పారాబెన్ 44 శాతం, క్రిములను చంపడానికి కలిపే ట్రైక్లోసాన్ 36 శాతం, సెంటు వాసనల్లో కలిపే డైఇథైల్ థాలేట్ తాలూకు జాడ 27 శాతం తగ్గాయి. మూడు రోజుల్లోనే! ఇవన్నీ ఒంట్లో ఏళ్లకేళ్లు కూచునే సరుకు కాదన్నమాట. పొయ్యడం ఆపితే దిగిపోతాయి.

సీసం, పాదరసం అలా దిగవు. అందుకే నా వరుసలో మొదటిది తెల్లబడే క్రీము. మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం క్రీముల్లో పాదరసం కలపకూడదు. పొరపాటున కలిసినా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. అయినా లెక్కా పత్రం లేని డబ్బాలు దొరుకుతూనే ఉన్నాయి. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 నుంచి 2023 దాకా కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్లను డాక్టర్లు ఆరా తీస్తే, ఒక అరుదైన రకం జబ్బున్న పదిహేనుమందిలో పదముగ్గురు తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. కాళ్లు, మొహం ఉబ్బి, మూత్రం నురగ కట్టి వచ్చారు.

పాదరసమున్న డబ్బాను పట్టడానికి నేను చెప్పే గుర్తులు: తయారీ లైసెన్సు నంబరు ఉండదు, బ్యాచ్ నంబరు ఉండదు, విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాడి పేరూ, రిజిస్ట్రేషన్ నంబరూ ఉండవు. పదార్థాల పట్టీలో "కాలోమెల్", "మెర్క్యూరిక్", "అమ్మోనియేటెడ్ మెర్క్యూరీ" అని ఉంటే అవన్నీ పాదరసమేనని తెలుసుకోండి. ఇంకో గుర్తు ఆడవాళ్లకు చెప్పగానే ఎక్కుతుంది. "ఇది రాసుకునేటప్పుడు బంగారం, వెండి తగలనివ్వకండి" అని డబ్బా మీద ఉన్నా, అమ్మేవాడన్నా, అక్కడే ఆపెయ్యండి. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుందని ఏ కంసాలినడిగినా చెప్తాడు. మెళ్లో సూత్రాలకు పనికిరానిది చెంపలకెలా పనికొస్తుంది?

అలాంటిది వాడుతుంటే డబ్బా మూత గట్టిగా బిగించి కవర్లో కట్టి పక్కన పెట్టండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. దిండు గలేబులు, తువ్వాళ్లు వేరేగా ఉతకండి. రాసుకున్నవాళ్ల ఒంటినుంచి పిల్లలకూ అంటుతుంది.

రెండోది దీనికి చెల్లెలు. మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే ట్యూబు. పేరు చివర "సోన్", "సాల్" అని వస్తే చాలావరకు స్టెరాయిడే. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్. ఇలాంటివి చీటీ మీదే అమ్మాలని 2018లో కేంద్రం గెజిట్‌లో వేసింది. పది రోజులు మొహం మెరుస్తుంది. ఆ మెరుపు చూసే అందరూ పడిపోతారు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రబడి, నూగు జుట్టు మొలిచి, ఎండలోకొస్తే మండుతుంది. ఒక పెళ్లికూతురి తల్లి మా పార్లర్‌కు అలా వచ్చింది. "పెళ్లి ఇరవై రోజులుంది అక్కా, ఏదైనా చెయ్యి" అని. నేనేం చేస్తాను? చర్మం డాక్టరు దగ్గరకు పంపాను. ఎందుకంటే ఇది ఒక్కసారిగా మానేస్తే ఇంకా భగ్గుమంటుంది. మెల్లగా మాన్పించాల్సింది వాళ్లే.

ఇక తలరంగు. నాకు తగిలిన దెబ్బ కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. డబ్బాలో ఒక మడత కాగితం వస్తుంది, ఎవరూ చదవరు. రంగు వేసుకునే ప్రతిసారీ ముందురోజు పరీక్ష చెయ్యాలని అందులో ఉంటుంది. చెవి వెనక గానీ మోచేతి లోపలివైపు గానీ కొంచెం చోటు సబ్బుతో కడిగి తుడిచి, కలిపిన రంగు చుక్కంత రాసి ఆరనివ్వాలి. ఇరవై నాలుగు గంటల తర్వాత కడిగి చూడాలి. దురద, ఎరుపు, వాపు ఏది కనిపించినా ఆ డబ్బా మీది కాదు. "నేను పదేళ్లుగా వాడుతున్నాగా" అంటారు. నేనూ పదేళ్లు బాగానే ఉన్నాను. వాడగా వాడగా ఒకరోజు ఒళ్లు తిరగబడుతుంది. ఆ కాగితంలోనే ఇంకోటీ ఉంటుంది. కనుబొమ్మలకు, రెప్పలకు వెయ్యకూడదు, చూపు పోవచ్చు. మా ఊళ్లో కనుబొమ్మలకు వెయ్యమని అడగనివాళ్లు తక్కువ. నేను వెయ్యను.

వేసుకునేటప్పుడు రంగు వెంట్రుకకు పట్టించాలి, మాడుకు రుద్దకూడదు. తెల్లబడ్డ మొదళ్ల దగ్గరే తాకిస్తే చాలు, ప్రతిసారీ తలంతా అక్కర్లేదు. నైట్రైల్ గ్లవుజులు ఒకసారి వాడి పారెయ్యండి, కడిగి దాచుకోకండి. గడియారం పెట్టుకుని, రాసిన టైముకు కడిగెయ్యండి. మగవాళ్లు తలకంటే మీసం దగ్గరే మోసపోతారు. మా ఆయన ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం మీసానికి రంగేసి, పేపరు చదువుతూ గంటసేపు అలాగే కూచునేవాడు. ఒకనాడు పైపెదవి వంకాయంత ఉబ్బింది.

గోరింటాకు మంచిదే, అది నిజంగా గోరింటాకైతే. ఆషాఢంలో చెట్టున కోసి రోట్లో రుబ్బినది ఎర్రగానో నారింజరంగుగానో పండుతుంది, గంటలు పడుతుంది. దానికి నల్లరంగు ఇచ్చే గుణమే లేదు. "నల్ల మెహందీ", "పావుగంటలో నలుపు" అని ఉన్నదాంట్లో తరచుగా దొరికేది పీపీడీయే. పెళ్లిళ్లలో చేతికి పెట్టే నల్ల కోనుకూ ఇదే మాట. నల్లగా కావాలంటే గోరింటాకు పెట్టి కడిగాక, ఆమీద నీలి ఆకు పొడి నీళ్లలో కలిపి గంటో రెండు గంటలో ఉంచండి. మర్నాటికి ముదురుతుంది. ఓపిక లేనివాళ్లకు ఇది పనికిరాదని ముందే చెప్తున్నాను. నెలల పసిపిల్లలకు మాత్రం గోరింటాకు పెట్టకండి, కొందరిలో పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం వల్ల రక్తకణాలు చిట్లుతాయి.

స్మూతెనింగ్, కెరాటిన్ అని జుట్టు సాపు చేసే పని నేను మానేసి ఆరేళ్లయింది. ఇస్త్రీ పెట్టె తగలగానే పొగ లేచి కళ్లు మండేవి. అది ఫార్మాల్డిహైడ్. శవాలు పాడవకుండా పోసే ఫార్మాలిన్ నీళ్లలో ఉండేది అదే, క్యాన్సర్ తెప్పిస్తుందని తేల్చిన పదార్థం. "ఫార్మాలిన్ లేదు" అని రాసిన కొత్త డబ్బాల్లో గ్లైఆక్సిలిక్ యాసిడ్ వచ్చింది. వేడి తగిలితే అదీ ఫార్మాల్డిహైడ్ వదులుతుంది, పైగా మాడులోంచి ఒంట్లోకి ఇంకుతుంది. అది వాడి జుట్టు సాపు చేయించుకున్న ఒక 26 ఏళ్ల యువతికి మూడుసార్లు వరసగా కిడ్నీ దెబ్బతిన్న సంగతి ఫ్రాన్స్ డాక్టర్లు 2024లో ప్రచురించారు. ఆ పొగ చేయించుకునేవాళ్లకు ఏడాదికోసారి, చేసేవాళ్లకు రోజుకు మూడుసార్లు. చేసి తీరాలంటే కిటికీలు తెరిచిన గదిలో, మాడుకు వేలెడు ఎడంగా చేయించుకోండి. గర్భిణులు వద్దు.

చిన్నవే కానీ మన ఇళ్లకే ప్రత్యేకమైనవి కొన్ని. స్టిక్కర్ బొట్టు వెనక జిగురులో ఒక రసాయనం కొందరికి రంగు కణాలను చంపేస్తుంది. బొట్టు తీస్తే కింద అంతే గుండ్రంగా తెల్లమచ్చ. దురద మొదలైనప్పుడే స్టిక్కర్ మానేస్తే బతికిపోతారు. రాత్రిపూట తీసి అద్దానికి అంటించే అలవాటు మంచిదే. కుంకుమ పసుపుకొమ్ములు, నిమ్మరసం, వెలిగారం, పటికతో చేసినది దొరికితే తెచ్చుకోండి. కారుచౌకగా హోలీ రంగులా మెరిసే పొడిలో సీసమో పాదరసమో ఉండే అవకాశం ఉంది. సుర్మా పేరుతో కళ్లకు అమ్మే పొడుల్లో చాలావాటిలో సీసం ఉంటుంది. పసిపిల్లల కళ్లకు ఇంట్లో ఆముదం దీపం మీద పట్టిన కాటుక కూడా వద్దు. దిష్టిచుక్క కావాలంటే అరికాలికి పెట్టండి. చెంప మీద పెడితే చెయ్యి పోనిచ్చి నోట్లో పెట్టుకుంటారు. పసివాళ్లకు టాల్క్ పౌడరు చల్లే పనే లేదు, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2023 నుంచి జాన్సన్ అండ్ జాన్సన్ కూడా టాల్క్ మానేసి మొక్కజొన్న పిండికి మారింది.

ఇవన్నీ అయ్యాక లేబుల్ చదవడానికి కూర్చోండి. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి కాబట్టి ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. ఒక శాతం పైన ఉన్నవి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా ఉంటాయి, అంతకంటే తక్కువవి ఎలాగైనా రాసుకోవచ్చు. "ఫ్రాగ్రెన్స్", "పర్ఫ్యూమ్" అనే ఒక్క మాట కింద పదుల కొద్దీ పదార్థాలు దాక్కుంటాయి. ఒంటిమీద ఉండిపోయే క్రీముల్లో ఆ మాట లేనివి ఏరుకోండి. "డీఎమ్‌డీఎమ్ హైడాంటోయిన్", "క్వాటర్నియం-15" ఉంటే అవి కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్ వదిలేవి. పారాబెన్ అంటే నాకు మరీ హడల్ లేదు. పేరు చెడిందని పారాబెన్ తీసేసి, ఇంకో నిలవమందు మిథైల్‌ఐసోథయాజొలినోన్ కలిపితే దానికి ఎలర్జీలు విపరీతంగా వచ్చి, యూరప్‌లో 2017 నుంచి కడగని క్రీముల్లో దాన్ని నిషేధించారు. "పారాబెన్ ఫ్రీ" అని ముందువైపు పెద్దగా ఉంటే, వెనకవైపు దాని బదులు ఏముందో చూడండి. ఇంట్లో కలబంద గుజ్జు, రోజ్‌వాటరు కలిపి సీసాలో పోసి నెలరోజులు వాడేవాళ్లనూ చూశాను. నీళ్లున్న దానికి నిలవమందు లేకపోతే బూజు పడుతుంది. కలుపుకుంటే ఆ పూటకే కలుపుకోండి. మొహానికి నిమ్మకాయ రుద్దకండి.

నా పదిహేడు ఇప్పుడు ఆరు: సబ్బు, షాంపూ, కొబ్బరినూనె, వాసన లేని మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్, ఒక లిప్‌స్టిక్. పార్లర్లో ఒక నోటుపుస్తకం పెట్టాను. రంగుకొచ్చే ప్రతివాళ్లకూ ఒక పేజీ, పరీక్ష చేసిన తేదీ, మర్నాడు చర్మం ఎలా ఉందో. పరీక్షకు ఆగలేక వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు, రెండు వీధులవతల వెంటనే వేసే పార్లర్ ఉంది మరి. మా ఆయనకూ ఒక పేజీ ఉంది. దానిమీద ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశాను. మీసం తెల్లగానే ఉంది, ఆదివారం పేపరు మాత్రం గంటసేపు చదువుతూనే ఉన్నాడు.