రాయగడ వైపు యాక్సిడెంట్ క్లెయిముల లాయరు అవ్వాలనుకునే మన పిల్లలకు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి లా చదివిన మన తెలుగు పిల్లలు తరచూ అడుగుతుంటారు, రోడ్డు ప్రమాదాల్లో పరిహారం కోసం వేసే క్లెయిము కేసులు చేస్తూ బతకొచ్చా సార్ అని. బతకొచ్చు, మనవాళ్లకు అక్కరకు వచ్చేలా బతకొచ్చు. అయితే అసలు పనంతా ప్రమాదమైన మొదటి పదిహేను రోజుల్లో, కాగితాల దగ్గరే ఉంటుంది.

ముందు కటక్‌లోని బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోండి. 2024లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదు. తర్వాత ఆల్ ఇండియా బార్ పరీక్ష, ఆపైన క్లెయిములు చేసే సీనియర్ దగ్గర రెండు మూడేళ్లు. ఒడియా మాట్లాడటం వచ్చు కదా అని ఊరుకోకండి, గబగబా రాసిన పోలీసు చేతిరాత చదవగలగాలి.

మన సరిహద్దులో చిక్కు ఏమిటంటే, రాయగడ దగ్గర దెబ్బ తగిలిన మనిషిని విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్తారు, అక్కడ ప్రాణం పోతే శవపంచనామా తెలుగులో, ఎఫ్‌ఐఆర్ మాత్రం ఇక్కడ ఒడియాలో. పైగా మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి కాగితాల్లో చివర రాస్తారు. నేను కొత్తలో చేసిన ఒక కేసు, భర్త పోయిన ఒక అమ్మది, ఈ పేరు తేడా వల్లే ఏడాదికి పైగా వాయిదాల్లో నలిగింది. తప్పు నాది కూడా, మొదటిరోజే సరిచూసుకోలేదు. అప్పటినుంచి ఆధార్, ఆసుపత్రి చీటీ, ఎఫ్‌ఐఆర్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు, వయసు, తేదీ చూడనిదే పిటిషన్ మొదలుపెట్టను. రెండు భాషలూ చదవగల మనం ఇది చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

పాతపట్నంలో ప్రమాదమైతే శ్రీకాకుళం కోర్టుకే తిరగాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 ప్రకారం బాధితులు తాము ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే, అంటే ఈ క్లెయిములు తేల్చే కోర్టులోనే, వేసుకోవచ్చు. ప్రమాదమైన ఆరు నెలల్లోపే వేసేయండి.

ఆదాయం రుజువు దగ్గర మాత్రం బద్ధకించవద్దు. ప్రమాదంలో 34 ఏళ్ల తాపీమేస్త్రి పోయాడనుకోండి, మిగిలింది భార్య, ఇద్దరు పిల్లలు. నెలకు 12,000 అని రుజువైతే దానికి భవిష్యత్తు పెంపు 40 శాతం కలిపి, సొంత ఖర్చుకు మూడో వంతు తీసేసి, 12 నెలలతో, ఆ వయసుకు కోర్టులు వాడే గుణకం 16తో గుణిస్తే 21,50,400 పరిహారం వస్తుంది. రుజువు లేదని ట్రిబ్యునల్ 8,000 వేసుకుంటే 14,33,600. అంటే ఏడు లక్షలు పోయినట్టే. ఇంటి యజమానులు ఇచ్చిన కూలి లెక్కల పుస్తకం, ఫోన్‌లో పడిన డబ్బులు, భార్య సంఘంలో కట్టిన వాయిదాలు, ఏది దొరికితే అది జాగ్రత్తగా తీసి పెట్టుకోండి.

సంతకు పికప్ బండి ఎక్కి వెళ్లేవాళ్ల కేసులు వస్తాయి. సరుకు బండిలో తన సరుకుతో వెళ్లిన రైతుకు ఇన్సూరెన్స్ వర్తిస్తుంది, ఉత్తినే ఛార్జీ ఇచ్చి ఎక్కినవాళ్లకు వర్తించదు. బుట్టల్లో ఏముందో, ఎవరివో మొదటి వాంగ్మూలంలోనే రాయించండి, కానీ లేని బుట్ట మాత్రం రాయించకండి.

ఫీజు విషయం. వచ్చిన డబ్బులో ఇంత శాతం అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం, ఆసుపత్రి గుమ్మంలో కేసులు వెతుక్కోవడం కూడా అంతే. దళారులు రెండూ చేస్తున్నారు, ఏడుస్తున్న వాళ్ల చేత ఖాళీ కాగితం మీద సంతకం పెట్టిస్తుంటే చూసి నాకు కడుపు రగిలిపోతుంది. మీరు ఫీజు ముందే చెప్పండి, రసీదు ఇవ్వండి. జిల్లా న్యాయసేవా సంస్థ ప్యానెల్‌లో చేరండి. అక్కడ ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. హెల్ప్‌లైన్ 15100, ఈ నంబరు ఊరూరా చెప్పండి.

గుద్దిన బండి తెలియకపోయినా దారి ఉంది. చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50,000, రెవెన్యూ సబ్ డివిజన్ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టాలి. దీనికి కోర్టు కేసు అక్కర్లేదు, ఆ ఫారం పక్కన కూర్చుని మీరే నింపి ఇవ్వండి, ఫీజు తీసుకోకండి.