హౌసింగ్ ఆయిల్ కారుతోందా? సీలు మార్చే ముందు బ్రీదర్ చూడండి

వెనుక చక్రాలకు మాత్రమే డ్రైవ్ ఉండి, చేత్తో గేర్లు మార్చే డీజిల్ సరుకు పికప్‌లకు సంబంధించిన విషయాలివి. హౌసింగ్ అంటే వెనుక యాక్సిల్ మధ్య క్రౌన్, పినియన్ అనే పళ్ల చక్రాలుండే పెట్టె; సీలు అంటే షాఫ్టు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు. డ్రెయిన్ ప్లగ్గు, ఫిల్లర్ ప్లగ్గు ఎక్కడుంటాయో, జాకీ మీద ఉన్న బండి కిందికి ఎందుకు దూరకూడదో తెలిసినవారి కోసమే రాస్తున్నాను కనుక ఆ మాటలు మళ్లీ చెప్పను.

ఏ ఫిర్యాదుకైనా ముందు లెవెల్

గేరు గట్టిగా పడుతున్నా, వెనుక నుంచి ఊళ వినిపిస్తున్నా, ఆయిల్ కారుతున్నా మొదట చెయ్యవలసిన పని ఒక్కటే. ఖాళీ బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, పావుగంట ఆగి, ఫిల్లర్ ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడాలి. ఆయిల్ ఆ రంధ్రపు కింది అంచు దాకా ఉండాలి. ఈ పని చెయ్యకుండానే గేర్‌బాక్సు దింపించుకునేవారు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నారు. తక్కువైతే మోత వస్తుందని అందరికీ తెలుసు కానీ, ఎక్కువైనా నష్టమేనని చాలామంది ఒప్పుకోరు. ‘కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే’ అని బండిని ఒక పక్కకు ఎత్తి మరీ నింపితే, ఆ అదనపు ఆయిల్ నురగెక్కి, వేడెక్కి, సీళ్ల మీదుగా బయటికి దారి వెతుక్కుంటుంది.

ఆయిల్ మార్చేటప్పుడు ముందు ఫిల్లర్ ప్లగ్గు విప్పాలి, ఆ తర్వాతే డ్రెయిన్. కింద ఆయిలంతా దించేశాక పై ప్లగ్గు తుప్పుపట్టి కదలకపోతే, ఖాళీ గేర్‌బాక్సుతో బండి కదలడానికి వీల్లేకుండా అక్కడే నిలిచిపోతుంది.

గేరు పడేటప్పుడు గరగర

లెవెల్ సరిగ్గా ఉండి, క్లచ్ పూర్తిగా విడుస్తున్నా రెండో గేరుకో మూడో గేరుకో గరగరమంటోందంటే, ఈ మధ్య ఆయిల్ మార్చారా, మారిస్తే ఏది పోశారు అని అడగాలి. ఇలాంటి గేర్‌బాక్సుల్లో ఎక్కువ వాటికి జీఎల్-4 రకం గేర్ ఆయిల్, వెనుక క్రౌన్‌కు జీఎల్-5 రకం చెబుతారు. క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ నొక్కుకుంటాయి కనుక అక్కడ గంధకం, భాస్వరం కలిసిన బలమైన రసాయనాలు కావాలి. గేర్‌బాక్సులో గేరు పడే ముందు వేగాలను కలిపే ఇత్తడి సింక్రో రింగులకు మాత్రం ఆ జారుడే శత్రువు, ఎందుకంటే అవి పట్టు మీద పనిచేస్తాయి. పైగా కొన్ని జీఎల్-5 ఆయిళ్లు ఇత్తడిని మెల్లగా తింటాయి కూడా. ఒక డబ్బాతోనే రెండు చోట్లా పని కానిచ్చేస్తే ఇదే ఫలితం. బండితో ఇచ్చిన పుస్తకం ఏమి చెబితే అదే పోయాలి. రింగులు ఇంకా అరగకపోతే సరైన ఆయిల్ మార్చాక కొంతైనా సర్దుకుంటుంది, అరిగిపోతే గేర్‌బాక్సు దించక తప్పదు.

వెనుక హౌసింగ్ నుంచి ఆయిల్ కారడం

అసలు చెప్పదలచుకున్నది ఇదే. పినియన్ దగ్గర, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు హౌసింగ్‌కు కలిసే చోట తడిగా ఉంటుంది, లేదా వెనుక చక్రం లోపలి వైపు నల్లటి జిడ్డు దిగుతుంది. షెడ్డుకు తీసుకువెళితే సీలు పోయిందంటారు, కొత్తది వేస్తారు, నాలుగు లోడ్లు తిరిగేసరికి మళ్లీ అక్కడే తడి. ఈసారి సీలు నాసిరకమంటారు, ఇంకొకటి వేస్తారు. సీలు ఎందుకు పోయిందని అడిగేవారు తక్కువ.

హౌసింగ్ పైభాగాన, యాక్సిల్ గొట్టం మీద, బొటనవేలి గోరంత టోపీ ఉంటుంది. అదే బ్రీదర్. కొన్ని బండ్లలో అక్కడి నుంచి చిన్న రబ్బరు పైపు చాసిస్ దాకా పోతుంది. లోడుతో ఘాట్ ఎక్కినప్పుడు హౌసింగ్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటికి పోవడానికి ఉన్న ఒకే ఒక దారి ఆ టోపీ. అది మూసుకుపోతే, 30 డిగ్రీల దగ్గర ఉన్న లోపలి గాలి 90 డిగ్రీలకు చేరేసరికి పీడనం ఐదోవంతు పెరుగుతుంది. సీలు పెదవి చిందే ఆయిల్‌ను ఆపడానికి చేసినదే తప్ప, వెనుక నుంచి నెట్టే గాలిని ఆపడానికి చేసినది కాదు. అందుకే కొత్త సీలైనా ఓడిపోతుంది.

బ్రీదర్ బురదతో మూసుకుపోతుందని అందరూ అనుకుంటారు. పొలాల మధ్య తిరిగే బండ్లకు అది నిజమే. అయితే ఎక్కువగా దెబ్బతీసేది, ఎవరూ అనుమానించనిది మరొకటి ఉంది: పెయింటు. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష (ఎఫ్‌సీ) చేయించాలి. ఎఫ్‌సీకి పంపే ముందు బండిని కడిగించి, చాసిస్‌తో పాటు హౌసింగ్‌కు కూడా నల్ల రంగు కొట్టించడం మన దగ్గర మామూలే. ఆ స్ప్రే గన్ను టోపీ అంచున ఉన్న సన్నని సందును చక్కగా మూసేస్తుంది. పైకి చూస్తే టోపీ నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. ఆయిల్ కారడం ఎఫ్‌సీ అయిన కొద్ది వారాలకే మొదలైందా అని బండివారిని అడగండి. అవునంటే సగం పని అయినట్టే.

పరీక్ష కష్టమేమీ కాదు. లోడుతో కొంత దూరం నడిపించి, బండిని సమతలంలో ఆపి, ముఖం పక్కకు పెట్టుకుని, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని ఫిల్లర్ ప్లగ్గును అరచుట్టు మాత్రమే వదులు చెయ్యాలి. బుస్సుమని గాలి బయటికొస్తే బ్రీదర్ మూసుకుపోయిందని నిర్ధారణ. లెవెల్ ఎక్కువగా ఉంటే వేడి ఆయిల్ చిమ్ముతుంది కాబట్టి ముందే లెవెల్ చూసి ఉండాలి.

ఇక బ్రీదర్‌ను విప్పే ముందు చుట్టూ వైరు బ్రష్షుతో గీకి తుడవాలి, లేకపోతే ఆ మట్టంతా హౌసింగ్‌లోకే జారుతుంది. విప్పాక టోపీని వేలితో తిప్పితే తిరగాలి, నొక్కితే కదలాలి. డీజిల్‌లో నానబెట్టి గాలి కొడితే చాలావరకు తెరుచుకుంటుంది. తుప్పుపట్టి ఉంటే కొత్తది వెయ్యండి, సీలు మార్చే కూలితో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు. పైపు ఉన్న బండి అయితే పైపు నలిగిందేమో, చివర కందిరీగ మట్టి పెట్టిందేమో కూడా చూడాలి. ఈసారి రంగు కొట్టించేటప్పుడు టోపీకి టేపు చుట్టి, ఆరాక గుర్తుగా తీసెయ్యండి.

బ్రీదర్ తెరిచాక హౌసింగ్‌ను పొడిగా తుడిచి, ఒకటి రెండు లోడ్లు తిప్పి చూడాలి. చాలాసార్లు దానితోనే కారడం ఆగిపోతుంది. ఆగకపోతే అప్పుడు సీలు మార్చండి, మార్చేటప్పుడు ఫ్లాంజి (ప్రొపెల్లర్ షాఫ్టును పినియన్‌కు కలిపే ముక్క) మీద సీలు పెదవి ఆడే చోట గోరుతో గీసి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే ఎన్ని సీళ్లు వేసినా నిలవవు, ఫ్లాంజినే మార్చాలి. పినియన్ నట్టును నట్లు బిగించే గన్నుతో ఎడాపెడా బిగించనివ్వకండి. చాలా హౌసింగ్‌లలో బేరింగుల బిగువును నిర్ణయించేది ఆ నట్టు కింద నలిగే స్పేసరు. అది అవసరానికి మించి నలిగితే బేరింగులు బిగుసుకుపోయి, కారడం ఆగినా ఊళ మొదలవుతుంది. సీలు మార్చాకే మోత వచ్చిందని ఎవరైనా చెబితే ముందు అనుమానించవలసింది దీన్నే.

చక్రం వైపు కారినప్పుడు డ్రమ్ము తప్పకుండా విప్పాలి. బ్రేక్ ఆయిల్ పల్చగా ఉండి రంగును పొక్కిస్తుంది, క్రౌన్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన వేస్తుంది. ఏదైనా సరే, అందులో నానిన బ్రేకు లైనర్లను పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించకండి. పైన ఆరినట్టు కనిపించినా, వేడెక్కగానే లోపలి నూనె పైకొచ్చి ఆ చక్రం బ్రేకు పట్టదు. రెండు వైపులా కొత్త లైనర్లు వెయ్యాలి.

ఆయిల్ పాల రంగులోకి మారడం

లోపలికి నీళ్లు చేరాయి. వాగు దాటేటప్పుడు వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతుంది, సీళ్ల పక్కనుంచో బ్రీదర్ నుంచో నీటిని పీల్చుకుంటుంది. ఆయిల్ దించి, కొత్తది పోసి, కొద్ది దూరం నడిపి మళ్లీ మార్చాలి. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటి ఉంటే కంగారు అక్కర్లేదు. లోహపు పెచ్చులు, గేరు పంటి ముక్కలు కనిపిస్తే మాత్రం హౌసింగ్ విప్పవలసిందే. ప్లగ్గు వాషరు ప్రతిసారీ కొత్తది వెయ్యండి.

గేరు వేసి కదలగానే టక్కుమనడం

ఆయిల్‌తో సంబంధం లేదు. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు (షాఫ్టు వంగి తిరగనిచ్చే కీళ్లకు), జారే స్లీవుకు గ్రీసు కొట్టి చూడండి. నిప్పిల్ (గ్రీసు ఎక్కించే మూతి) లోపలికి గ్రీసు పోకుండా పక్కనుంచి పొర్లుతుంటే అది కొట్టినట్టు కాదు, నిప్పిల్ మార్చాలి. క్రాసు చేతికి ఆడుతుంటే క్రాసునే మార్చాలి.

హౌసింగ్ పగలడం, గొట్టం వంగడం, పోతలో సన్నని రంధ్రాలుండటం వంటివి ఉంటాయి కానీ అరుదు. పైవన్నీ చూశాక కూడా కారుతుంటేనే వాటి గురించి ఆలోచించండి.