ఎస్టెస్ పార్క్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

డెన్వర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో చాలామంది ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే కొలరాడో కొండల్లో ఉన్న ఎస్టెస్ పార్క్ అనే చిన్న ఊరికి ప్లాన్ వేసేస్తారు, వాళ్ళకింకా జెట్‌లాగ్ కూడా తగ్గకముందే. చూడాల్సిన చోటే, కాదనను. కానీ చెరువు, పచ్చిక, ఐస్‌క్రీమ్ తింటూ తిరిగే జనం, ఇవన్నీ చూస్తుంటే మనం కొండల్లోకి వచ్చామన్న సంగతే గుర్తుండదు. నాకూ గుర్తులేకే ఒకసారి బాగా భయపడాల్సి వచ్చింది. జూన్ నుంచి అక్టోబర్ లోపు వెళ్ళేవాళ్ళు ఇది చదివి బయల్దేరండి.

అన్నిటికంటే ముందు ఎత్తు. ఊరే దాదాపు 7,500 అడుగుల ఎత్తులో ఉంది. అక్కణ్ణుంచి రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లోకి వెళ్ళి ట్రైల్ రిడ్జ్ రోడ్ ఎక్కితే అది 12,183 అడుగుల దాకా పోతుంది. నడిచి ఎక్కితే రోజులు పట్టి ఒంటికి అలవాటయ్యేదేమో, కారులో గంట, గంటన్నరలో చేరిపోతాం. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడోవంతుకు పైగా తక్కువ.

మా అమ్మ పైన విజిటర్ సెంటర్ దగ్గర కారు దిగి పట్టుమని పది అడుగులు వేసిందో లేదో, రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయింది. ఏమైందమ్మా అంటే "ఏం లేదులే, కాస్త తల దిమ్ముగా ఉంది, మీరు చూసి రండి" అంది. పెదాలు పాలిపోయాయి, చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. వెంటనే కారు తిప్పి ఊళ్ళోకి వచ్చేశాం, సాయంత్రానికి తేరుకుంది. పిల్లల సరదా చెడిపోతుందని పెద్దవాళ్ళు నోరు విప్పరు, కాబట్టి మీరే మాటిమాటికీ అడగాలి. "బాగున్నావా" అని అడిగితే బాగానే ఉన్నానంటారు. తలనొప్పిగా ఉందా, కడుపులో తిప్పుతోందా, కళ్ళు తిరుగుతున్నాయా అని ఒక్కొక్కటీ విడిగా అడగండి. ఏ ఒక్కటి ఉన్నా ఇక పైకి వెళ్ళొద్దు, తగ్గకపోతే కిందికి దిగిపోండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, నడకలో తూలుతుంటే, మాట తికమకగా వస్తుంటే అది ఎమర్జెన్సీ. 911కి చేయండి, సిగ్నల్ లేకపోతే దగ్గర్లో ఉన్న రేంజర్‌కి (పార్క్ సిబ్బందికి) చెప్పండి, ఎదురుచూస్తూ పైనే ఉండిపోవద్దు.

ఇదంతా రాకుండా ఉండాలంటే డెన్వర్‌లో రెండు రోజులు, ఎస్టెస్ పార్క్‌లో ఒక రాత్రి గడిపి ఆ తర్వాతే పైకి వెళ్ళండి. నీళ్ళు తాగిస్తూ ఉండండి. గుండె జబ్బో, ఊపిరితిత్తుల సమస్యో, రక్తహీనతో ఉన్నవాళ్ళయితే డాక్టర్‌ని అడగందే అసలు తీసుకెళ్ళొద్దు. ఎవరో ఫ్రెండ్ దగ్గర మిగిలిందని డయామాక్స్ (ఎత్తు పడకపోవడానికి వాడే మాత్ర) వేసేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి, అది కూడా డాక్టర్ చెప్పాకే. బీపీ, షుగర్ మాత్రలు సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో ఉండాలి.

రెండోది మధ్యాహ్నం. జులై, ఆగస్టుల్లో పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది, పన్నెండు దాటేసరికి మబ్బులు కమ్మి ఉరుములు మొదలవుతాయి. పైన చెట్టూ చేమా ఉండవు, ఆ మైదానంలో మీరే అన్నిటికంటే ఎత్తుగా నిలబడి ఉంటారు. 2014 జులైలో ఇదే నేషనల్ పార్క్‌లో వరుసగా రెండు రోజుల్లో ఇద్దరు పిడుగుపడి చనిపోయారు. ఉరుము వినపడగానే ఫొటో సగంలో ఉన్నా వదిలేసి కారెక్కి అద్దాలు మూసేయండి. అందుకే నా మాటగా పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికల్లా దిగిపోండి. ఈమధ్య సీజన్‌లో టైమ్డ్ ఎంట్రీ రిజర్వేషన్ (ఏ టైముకి లోపలికి వెళ్ళాలో ముందే బుక్ చేసుకోవడం) పెడుతున్నారు కాబట్టి, పార్క్ వెబ్‌సైట్‌లో రూల్స్ చూసుకుని ముందుగానే ఉదయం స్లాట్ పట్టుకోండి. ఊళ్ళో కంటే పైన 20 నుంచి 30 డిగ్రీల ఫారన్‌హీట్ తక్కువ ఉంటుంది, గాలి వేరే. అమ్మ చీర మీదకి స్వెటర్ ఒక్కటే చాలదు, గాలి ఆపే జాకెట్, చెవులు కప్పే టోపీ, కాళ్ళకి సాక్సులు, బూట్లు ఉండాలి.

పార్క్‌లో పెట్రోల్ బంకు లేదు, ఊళ్ళోనే ట్యాంక్ నింపుకోండి. దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచకుండా లో గేర్‌లో రండి, లేకపోతే బ్రేకులు కాలిన వాసన వస్తుంది. చాలాచోట్ల రోడ్డు పక్కన అడ్డుగోడ కూడా ఉండదు, లోయ చూస్తే భయపడేవాళ్ళని కొండవైపు సీట్లో కూర్చోబెట్టండి.

ఇక జంతువులు. ఎల్క్ దుప్పులు ఊళ్ళోకే వచ్చి పచ్చికలో మేస్తుంటాయి, ఆవుల్లా సాధువుగా కనిపిస్తాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లో జతకట్టే కాలం, అప్పుడు మగవాటికి ఎవరు అడ్డమొచ్చినా కొమ్ములతో మీదికొస్తాయి. మే, జూన్‌లో దూడలున్న తల్లులూ అంతే. ఎల్క్‌కి 75 అడుగులు, మూస్‌కి (ఇంకా పెద్ద జాతి దుప్పి), ఎలుగుబంటికి 120 అడుగులు దూరం ఉండాలని పార్క్ రూల్. చేయి చాచి బొటనవేలు ఎత్తి చూడండి, వేలి వెనక జంతువు పూర్తిగా దాక్కోకపోతే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టే. రాత్రి కారులో బిస్కెట్ ప్యాకెట్ కూడా వదలొద్దు, తలుపులు లాక్ చేయండి, ఇక్కడి ఎలుగుబంట్లకి కారు తలుపు తెరవడం తెలుసు.

తిరుగు ప్రయాణంలో లవ్‌లాండ్ ఊరి వైపు వస్తే బిగ్ థాంప్సన్ లోయలోంచి రావాలి, రోడ్డు పక్కనే నది. 1976 జులై 31 రాత్రి ఎస్టెస్ పార్క్ దగ్గర కురిసిన వానకి ఆ నది పొంగి 140 మందికి పైగా చనిపోయారు. కారులో వరదని దాటేసి పోదామనుకున్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. వరదొస్తే కొండ ఎక్కమని ఇప్పటికీ దారిపొడవునా బోర్డులుంటాయి. భారీ వాన పడుతుంటే, ఫోన్‌కి వరద హెచ్చరిక వస్తే ఆ రాత్రికి ఊళ్ళోనే ఉండిపోండి. లోయలో ఉండగా నీళ్ళు పెరుగుతుంటే కారు, సామాన్లు అక్కడే వదిలేసి, పెద్దవాళ్ళ చేయి పట్టుకుని పక్కనున్న గట్టు ఎక్కేయండి.