ట్రైనింగ్ సెషన్‌లో ఎవరూ నోరు విప్పడం లేదా? సమస్య - పరిష్కారం

సెషన్ చప్పగా సాగితే ట్రైనర్లు ముందుగా అనే మాట "ఈ బ్యాచ్‌లో ఉత్సాహం లేదు" అని. ఆ వెంటనే ఇంకో ఐస్‌బ్రేకర్, ఇంకో ఆట, చిన్న బహుమతులు మొదలవుతాయి. దయచేసి అక్కడికి వెళ్ళకండి. పదిసార్లలో ఎక్కువసార్లు లోపం మనం ప్రశ్న వేసే తీరులోనే ఉంటుంది. గది, మైకు, విరామాలు సరిగ్గానే ఉన్నాయనుకుని మిగతాది చూద్దాం.

లక్షణం: ప్రశ్న వేస్తే గదంతా నిశ్శబ్దం

మొట్టమొదట చేయాల్సిన తనిఖీ ఒక్కటే, దాన్నే అందరూ వదిలేస్తారు. ఫోన్‌లో 20 నిమిషాలు మీ సెషన్ రికార్డ్ చేసి వినండి. మీ ప్రశ్న ముగిశాక, మళ్ళీ మీరే నోరు తెరిచేలోపు ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టండి. 1970లలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు అమెరికా పాఠశాలల్లో ఇదే కొలిచారు. టీచర్లు ఆగుతున్నది సుమారు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబుల నిడివి పెరిగింది, నోరు తెరిచే పిల్లల సంఖ్యా పెరిగింది. పెద్దవాళ్ళకు ఇంకా ఎక్కువ సమయం కావాలి. తమ అనుభవంలోంచి ఒక సంగతి వెతుక్కోవాలి, తోటి ఉద్యోగుల ముందు అది చెప్పొచ్చో లేదో తేల్చుకోవాలి. ఐదు నుంచి పది సెకన్లు ఆగండి. అంతసేపు నిలబడలేకపోతే ఒక నిమిషం కాగితం మీద రాయమనండి, రెండు నిమిషాలు పక్కవారితో మాట్లాడమనండి, ఆ తర్వాతే పైకి అడగండి.

ఇంకొకటి. "అర్థమైందా?", "డౌట్లేమైనా ఉన్నాయా?" అనేవి ప్రశ్నలే కావు. వాటికి తలూపడం తప్ప వేరే జవాబు లేదు. "ఈ ఫారంలో ఎక్కువగా తప్పు పోయే గడి ఏది?" అని అడిగి చూడండి. రోజూ ఆ ఫారం నింపేవాళ్ళు చెప్పకుండా ఉండలేరు.

లక్షణం: మొదటి గంట బాగుంది, తర్వాత ఇద్దరు ముగ్గురే మాట్లాడుతున్నారు

అసలు తిప్పలు ఇక్కడే. కారణం చాలాసార్లు మీ నోటి నుంచి వచ్చే "వెరీ గుడ్".

దగ్గరగా చూడండి. "కస్టమర్ కోపంగా ఫోన్ చేశారు. మొదటి మాట ఏం మాట్లాడతారు?" అని అడిగారు.

"ముందు సారీ చెప్తామండి."

"ఎక్సలెంట్! కరెక్ట్. తర్వాత?"

అదే గదిలో ఒకావిడ ముందు ఫిర్యాదు నంబర్ అడుగుతారు. ఇంకొకాయన అవతలివాళ్ళు చెప్పింది పూర్తయ్యేదాకా మాట్లాడనే మాట్లాడరు. మీరు "కరెక్ట్" అని ముద్ర కొట్టాక వాళ్ళు నోరు తెరిస్తే అది జవాబు కాదు, అభ్యంతరం అవుతుంది. మిమ్మల్నీ, ఆ మొదటి వ్యక్తినీ కలిపి కాదన్నట్టు అవుతుంది. అంత అవసరం ఏముందని ఊరుకుంటారు. ఇలా నాలుగు ప్రశ్నలు గడిచేసరికి, జవాబు ట్రైనర్ జేబులో ముందే ఉందని గదికి అర్థమైపోతుంది. చురుగ్గా ఊహించగలిగేవాళ్ళు ఆడుతూ ఉంటారు, ఎక్కువ అనుభవం ఉన్నవాళ్ళు వెనక్కి వాలతారు.

ముందు నిలబడ్డవాళ్ళకు ఇది కనిపించదు. జవాబులు వస్తూనే ఉంటాయి, ముఖాలు నవ్వుతూనే ఉంటాయి. అందుకే రికార్డింగ్ మళ్ళీ పెట్టి, మీ రెండు మాటల మధ్య ఎంతమంది మాట్లాడారో రాసుకోండి. మీరు, ఒకరు, మీరు, ఒకరు అని వరస సాగుతుంటే జబ్బు ఇదే. అప్పటికప్పుడు "కాదండి" అని కొట్టేయడం కూడా ఇదే పని చేస్తుంది, కానీ దాని సంగతి ట్రైనర్లందరికీ తెలుసు. పొగడ్త కూడా తలుపు మూస్తుందని మాత్రం తట్టదు.

సరిచేసే తీరు ఇది. జవాబు రాగానే మూడు సెకన్లు ఏమీ అనకండి. మేరీ బడ్ రో ఈ రెండో విరామాన్ని విడిగా కొలిచారు, ఇదీ ముఖ్యమేనని తేల్చారు. తర్వాత ఆ జవాబును వాళ్ళ మాటల్లోనే బోర్డు మీద రాయండి. "సారీ చెప్తాం" అన్నదాన్ని "సానుభూతి వ్యక్తపరచడం" అని దిద్ది రాస్తే అదీ ఒక రకం తిరస్కారమే. ఆపైన "ఇంకెవరైనా?" అనకుండా "దీన్ని వేరే రకంగా చేసేవాళ్ళు ఎవరు?" అని అడగండి. తేడా ఉన్న జవాబే కావాలని అప్పుడు తెలుస్తుంది. మూడు నాలుగు పోగయ్యాక ఏది ఎప్పుడు పనిచేస్తుందో వాళ్ళ చేతే తేల్చించండి. మెచ్చుకోవడం చివర్లో, విషయం చెప్పి మెచ్చుకోండి: "నంబర్ ముందే అడిగితే మళ్ళీ ఫోన్ చేయాల్సిన పని తప్పుతుంది."

కరెంటు పని, మందుల మోతాదు లాంటి చోట తప్పు జవాబును బోర్డు మీద వదిలేయకూడదు. జవాబులన్నీ వచ్చాక, తర్వాతి అంశానికి వెళ్ళేలోపే దాన్ని కొట్టేసి కారణం చెప్పండి. వేలు బోర్డు వైపు ఉండాలి, మనిషి వైపు కాదు.

మొదటి రెండు మూడు ప్రశ్నలకు అందరూ ముద్ర కోసం మీ ముఖం చూస్తారు. మీరు బోర్డు వైపు చూడండి. ఇబ్బందిగా ఉన్నా వెనక్కి తగ్గొద్దు.

లక్షణం: పక్కవాళ్ళతో గుసగుసలున్నాయి, పైకి మాట రాదు

గదిలో వాళ్ళ పై అధికారి ఉన్నారేమో చూడండి. చర్చలో ఆఖరున మాట్లాడమని ఆయనకు సెషన్‌కు ముందే చెప్పండి. కుదరకపోతే జవాబులు పేర్లు లేకుండా కార్డుల మీద రాయించి, కలిపేసి మీరే చదవండి.

లక్షణం: అందరూ ఫోన్లలో ఉన్నారు

ఇది తమ పనికి ఎందుకు పనికొస్తుందో తెలియలేదు. ఏదైనా నేర్చుకునే ముందు అది ఎందుకో తెలియాలన్నది పెద్దల స్వభావమని వయోజన విద్యా నిపుణుడు మాల్కమ్ నోల్స్ చెప్పింది దీని గురించే. మొదటి పది నిమిషాల్లో, పనిలో ఎక్కడ ఆగిపోతున్నారో ఒక్కొక్కరి చేత ఒక చీటీ రాయించి గోడకు అంటించండి. ఏ చీటీకి జవాబు దొరికితే దాని మీద టిక్కు పెట్టించండి.

లక్షణం: గ్రూపు పనిలో సగం మంది ఖాళీ

గ్రూపు పెద్దదైంది. ముగ్గురు నలుగురు చాలు. "చర్చించండి" అని వదలకండి. "ఆరు నిమిషాలు. మూడు కారణాలు రాసి, ఎక్కువ నష్టం చేసేదాని చుట్టూ గీత గీయండి" అనండి.

భాష అందకపోవడం, వినిపించకపోవడం, కావాలని అడ్డుపడే మనిషి ఉండడం అరుదు. మొదటి రెండూ విరామంలో వెనక వరుసవాళ్ళను అడిగితే తెలిసిపోతాయి. మూడోదానికి ఆ మనిషిని పక్కకు పిలిచి, ఆయన అభ్యంతరం ఏమిటో పూర్తిగా వినండి. అందులో పస ఉంటే, తర్వాతి భాగంలో ఆయన ఒప్పుకుంటేనే దాన్ని అందరి ముందు ప్రశ్నగా పెట్టండి.